ఫిజీలో మీ చినతాత ఇల్లు

ఏమే సుందరమ్మా,

చెరుకు కొట్టడానికి ఫిజీ పోయి తిరిగిరాని మీ చినతాత కోసం చచ్చేదాకా కలవరించావుగా. నిన్న నీ తద్దినానికి సింగపూర్లో మన చోవా చూ కాంగ్ ఫ్లాటుకి అబ్బాయి ఆఫీసులో కంప్యూటర్ పని చేసే ఫిజీ పిల్ల లత వచ్చింది. వాళ్ళ నాయనమ్మ నేర్పిన వచ్చీరాని తెలుగు. అక్కడ ఆ దేశపోళ్ళు, మన కూలోళ్ళ మనవలు, చైనావోళ్ళు ఒకే గిన్నె చుట్టూ కూచుని ఏదో వేరు పొడి కలిపిన నీళ్ళు తాగుతారంట. ఆ పొడి తెచ్చి కలిపింది.

"చప్పట్లు కొట్టి ఒక్క గుక్కలో తాగాలి తాతా" అంది.

నేను టీలా చప్పరించా. నాలుక మొద్దుబారిపోయింది.

"ఇన్నాళ్ళకి నాన్న నోరు మూతపడింది" అన్నాడు అబ్బాయి.

మీ ఇంటిపేరోళ్ళు లత వాళ్ళూళ్ళో ఉన్నారంట. టికెట్టు తీయమన్నా.

"ఆ మోకాళ్ళతో ఎలా పోతావు?"

"మోకాళ్ళతో కాదురా, విమానంలో."

పోతానే. వాళ్ళు మీ చినతాత మనుషులు కాకపోతే పక్కూళ్ళో అడుగుతా. ఏ గుమ్మంలోనైనా ముందు నీ పేరే చెప్తా.