స్లేట్ ఫోర్క్‌లో అందరి బీపీ ఒకటే

లెక్సింగ్టన్, సెప్టెంబరు 4

ప్రియమైన ఓలీటా అత్తయ్యకు,

మీ లోయలోకి ఫోను ఎలాగూ అందదు కాబట్టి మనకు ఉత్తరాలే దిక్కు. నిన్న రెండు పెట్టెలు పోస్టు చేశాను. వాటిలో ముప్ఫై బీపీ మిషన్లు, ముప్ఫై నోటుబుక్కులు ఉన్నాయి. బుధవారం చర్చి భోజనాల దగ్గర తలా ఒకటి పంచు. నీకూ ఒకటి ఉంచుకో. రోజూ పొద్దున్నే కాఫీ ముట్టకముందు చూసుకుని, వచ్చిన అంకెలు రాయాలి. మొత్తం ఎనిమిది వారాలు. బీన్స్‌లో ఉప్పు పట్టించిన పందిమాంసం మానేసి, మాత్రలు వేళకు వేసుకుంటే బీపీ ఎంత తగ్గుతుందో చూడటమే నా డాక్టరేటు ప్రాజెక్టు.

పన్నెండేళ్లు నర్సుగా చేశాను. ఈ చదువు పూర్తయితే ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్‌నవుతాను. పసిపిల్లల నుంచి ముసలివాళ్ల దాకా నేనే చూసి, నేనే మందులు రాయొచ్చు. మన పాత పోస్టాఫీసులో క్లినిక్కు పెడతాను. జలుబుకు కూడా నలభై మైళ్లు పోయే బాధ మీకు తప్పుతుంది. అంతా ఈ నోటుబుక్కుల మీదే ఆధారపడి ఉంది.

ఇట్లు,
నీ మేనకోడలు రేలీన్

తా.క. నూట ఇరవై బై ఎనభై ఉంటే బాగున్నట్టు. లేకపోయినా కంగారు పడొద్దు, ఎంత వస్తే అంతే రాయండి.

---

స్లేట్ ఫోర్క్, నవంబరు 9

చిరంజీవి రేలీన్‌కు అత్తయ్య ఆశీస్సులు.

నీ పని దివ్యంగా జరిగింది. మొదటి వారం అంకెలు చూసి నాకే భయం వేసింది. మన హోబర్ట్‌కు నూట తొంభై. "మీ పిల్ల పరీక్ష నా వల్ల పోతుందేమో" అని చర్చి మెట్ల మీద కూలబడ్డాడు. "నీ చేతిలో పెన్ను ఉంది కదయ్యా, నీకెందుకు దిగులు" అన్నాను. ఆ బుధవారమే అందరం కూర్చుని పాత పేజీలు చింపి మళ్లీ రాశాం. ఎనిమిది వారాలూ ముప్ఫై మందికీ నూట ఇరవై బై ఎనభై. ఇంత ఆరోగ్యమైన ఊరు కెంటకీ రాష్ట్రం మొత్తంలో ఉండదు.

నువ్వు డ్యూటీలతో నలిగిపోతున్నావని నోటుబుక్కులు నేరుగా మీ డాక్టరేటు కమిటీ పెద్దావిడ ప్రుయిట్ గారికే పంపాను. ఆవిడ అడ్రసు నీ కాగితాల మీద ఉందిలే. పెట్టెలో ఎండు ఆపిల్ కేకు కూడా పెట్టాను.

ఉంటాను,
ఓలీటా అత్తయ్య

తా.క. అయిదో వారంలో వర్జిల్ నోబుల్ పోయాడు. పాపం, నిద్రలోనే. అయినా అతని నోటుబుక్కులో ఒక్క రోజు కూడా ఖాళీ లేదు. ఎనిమిది వారాలూ రాస్తానని మాటిచ్చాడట, మిగతా మూడు వారాలూ అతని భార్య ఎడ్నా రాసింది.

---

లెక్సింగ్టన్, నవంబరు 20

అత్తయ్యా,

నీ ఉత్తరం కంటే ముందే ప్రుయిట్ గారి పిలుపు వచ్చింది. ఆవిడ కేకు ముక్క తింటూనే వర్జిల్ నోటుబుక్కు తెరిచి నా ముందు పెట్టింది. పక్కనే పేపర్లో వచ్చిన అతని చావు కబురు. "పాతిపెట్టాక మూడు వారాలు బీపీ ఇంత నిలకడగా ఎలా ఉందమ్మా?" అని అడిగింది.

అంకెలన్నీ నేనే ఇంట్లో కూర్చుని అల్లానని కమిటీ అనుమానం. డిసెంబరు 5న విచారణ. తేడా వస్తే నన్ను పంపేస్తారు. నాలుగేళ్ల చదువు, వెయ్యి గంటల శిక్షణ, అన్నీ బూడిదే. నిన్న ఆసుపత్రి పార్కింగులో కారులో కూర్చుని గంటసేపు ఏడ్చాను. నీ మీద కోపంగా ఉంది. చాలా కోపంగా ఉంది.

జరిగింది జరిగినట్టు రాసి సంతకం పెట్టి పంపమని అందరికీ చెప్పు. సాయం మాత్రం చెయ్యకు.

రేలీన్

తా.క. మళ్లీ చెబుతున్నాను. సాయం చెయ్యకు.

---

స్లేట్ ఫోర్క్, నవంబరు 25

తల్లీ రేలీన్,

నీ ఉత్తరం చర్చిలో చదివి వినిపించాను. కోపంగా ఉందన్న ముక్క రెండుసార్లు చదివాను, అందరికీ అర్థం కావాలని.

ఇరవై తొమ్మిది ఉత్తరాలు పంపిస్తున్నాను. ప్రతి దాంట్లోనూ "ఇందులో రేలీన్ తప్పు లేదు, ముప్ఫై నోటుబుక్కులూ నేనే రాశాను" అనే ఉంటుంది. నింద ఒక్కరి మీదే పడితే బాగుండదని ఎవరికి వారు తమ మీదే వేసుకున్నారు. ఒకరి మాట ఒకరు వినరు కదా, తెలుసుగా నీకు. హోబర్ట్ మాత్రం గింజుకున్నాడు. "చర్చి పెద్దను, అబద్ధం రాయలేను" అంటాడు. "ఒకసారి రాశావుగా" అన్నాను. సంతకం పెట్టాడు.

ఉత్తరాలు చాలవేమోనని విచారణకు చర్చి బస్సులో మేమందరం వస్తున్నాం.

ఓలీటా అత్తయ్య

తా.క. ఇది సాయం కాదు, సాక్ష్యం.

---

లెక్సింగ్టన్, డిసెంబరు 8

అత్తయ్యా,

నిన్న నిద్రపట్టింది. పదిహేను రోజుల్లో ఇదే మొదటిసారి.

మనవాళ్లు ఒకరి వెనక ఒకరు లేచి "నేనే రాశాను" అంటుంటే ప్రుయిట్ గారు ముందు కళ్లజోడు తీసింది, తర్వాత నవ్వాపుకోలేక నీళ్లు తాగింది. చివరికి "సరే, చేతులు చాపండి" అని వరసగా కూర్చోబెట్టి తానే బీపీ చూసింది. ఇరవై ఎనిమిది మంది. ఒక్కరిది కూడా నూట యాభైకి తక్కువ లేదు. ఇన్నేళ్లూ వాళ్లు నర్సులకు చెప్పిన అంకెలన్నీ ఆ నోటుబుక్కుల్లోలాంటి దొంగ అంకెలేనట. చెడ్డ అంకె చెబితే తిడతారని, మంచి అంకె చెబితే వదిలేస్తారని.

"ఈ ఊరికి నువ్వు తొందరగా వెళ్లాలి" అంది ఆవిడ. నన్ను పంపేయలేదు. ఇంకో ఎనిమిది వారాలు మళ్లీ మొదటినుంచి చెయ్యాలి. ఈసారి అంకెలు నేనే వచ్చి చూస్తాను.

అందరివీ వచ్చాయి, నీదే మిగిలింది. మీరు తెచ్చిన కేకులకు కాపలా ఉండాలని నువ్వు బస్సు దిగలేదట. కేకులను ఎవరెత్తుకుపోతారు అత్తయ్యా? నీ అంకె రాసి పంపు.

ప్రేమతో,
రేలీన్

తా.క. నిజం అంకె.

---

స్లేట్ ఫోర్క్, డిసెంబరు 12

రేలీన్ తల్లికి,

అడిగావు కాబట్టి చెబుతున్నాను. మొదటి రోజు నా మిషను రెండు వందల నాలుగు చూపించింది. మిషను పాడైందనుకుని హోబర్ట్ మిషను కట్టుకున్నాను. అదీ అంతే చెప్పింది.

మీ నాన్నకు పక్షవాతం వచ్చినప్పుడు నువ్వు కాలేజీ సగంలో వదిలేసి వచ్చి మూడేళ్లు ఆయన మంచం పక్కన కూర్చున్నావు. నా సంగతి తెలిస్తే మళ్లీ అదే చేస్తావు. నేను ఒప్పుకోను. నా ఒక్కదాని నోటుబుక్కులో మంచి అంకెలు రాసుకుంటే సరిపోయేది. కానీ అందరివీ ఎగుడుదిగుడుగా ఉండి నాది తిన్నగా ఉంటే నీ కన్ను ముందు దాని మీదే పడుతుంది. అందుకే అందరివీ తిన్నగా చేయించాను. నీ మార్కుల కోసమని వాళ్లను నమ్మించాను. పాపం, నమ్మారు.

నిన్న హోబర్ట్ నన్ను నలభై మైళ్లు తీసుకెళ్లాడు. మాత్రలు ఇచ్చారు, తిట్టారు కూడా. ఈ పొద్దున నూట డెబ్భై ఎనిమిది బై తొంభై ఆరు. నువ్వు చదువు పూర్తి చేసుకునే రా. నీ క్లినిక్కులో మొదటి కుర్చీ నాది.

నీ అత్తయ్య,
ఓలీటా

తా.క. ఇది చదివి బయల్దేరకు. బయల్దేరావంటే రేపటి నుంచి మళ్లీ నూట ఇరవై బై ఎనభై రాస్తాను.