వదిలితేనే వినబడుతుంది

అక్టోబర్ 12

జాలర్ల సంఘం ప్రెసిడెంట్ జయరామయ్య నా అంగడికి వచ్చాడు. పడవలకు కొత్త వాకీటాకీలు వచ్చాయట. ఎలా వాడాలో నేను చెప్పాలట. మైపాడులో వలలూ ఇంజన్ స్పేర్లూ అమ్ముకుంటున్నా, ఫిజిక్సు చదివినవాణ్ణి నేనేనట.

కుదరదన్నాను. కౌసరమ్మ పేరు మీద పెట్టుకుందాం తహీరన్నా, ఫొటోకి దండేస్తాం అన్నాడు. నా భార్య ఫొటో అయినా సరే, మేం దండలు వేయం అని చెప్పాను. అయితే ఫ్లెక్సీ వేస్తాం అన్నాడు.

అక్టోబర్ 14

ఒప్పుకున్నాను. పడవ నడిపే వెంకయ్య కూడా వస్తాడని తెలిసి.

అక్టోబర్ 19

క్లాసు అయింది. ఫ్లెక్సీలో కౌసర్ ఫొటో కంటే జయరామయ్య ఫొటో పెద్దది.

చెప్పాల్సింది చెప్పాను. బటన్ నొక్కే ముందు ఛానల్ ఖాళీగా ఉందో లేదో వినండి. ఒక్క క్షణం ఆగి మాట్లాడండి. ఎక్కడున్నారో ముందు చెప్పండి, కష్టం తర్వాత చెప్పండి. ముచ్చట్లు ఫోన్లో పెట్టుకోండి. ఓవర్ అని వదలండి. నొక్కితే చెప్పగలం, వదిలితేనే వినబడుతుంది. ఛానల్ మూసుకుపోతే అందరూ ఎనిమిదో ఛానల్‌కి మారండి.

చివర్లో రబ్బరు సంగతి. ఇక్కడ ప్రతివాడూ సెట్‌ను పాలిథిన్ కవర్లో పెట్టి, పంక్చర్ షాపులో తెచ్చిన ట్యూబు ముక్క బిగించి చుడతాడు. ఉప్పునీళ్ళు పోకుండా. ఆ రబ్బరు పక్కనున్న బటన్ మీద పడితే సెట్ నొక్కుకునే ఉంటుంది, ఆ పడవలో మాటలే అందరికీ పోతుంటాయి. ఊరందరి నోరూ మూస్తుంది. చుట్టినవాడికి మాత్రం ఏమీ తెలియదు, వాడి సెట్ చప్పుడు చేయదు. సముద్రం ప్రశాంతంగా ఉందనుకుంటాడు.

వెంకయ్య లేచాడు. రబ్బరు తీసేస్తే నీళ్ళు పోయి సెట్ చస్తుంది, మళ్ళీ నీ అంగట్లోనే కొనాల, నీ యాపారం అర్థమైందిలే సాయిబన్నా అన్నాడు. అందరూ నవ్వారు. చిన్న పడవ హెబ్రోను ఒక్కడే నవ్వలేదు.

వెంకయ్య సెట్ తీసుకుని కత్తెరతో రబ్బరు కోసేశాను. బయటికి పోతూ జేబులోంచి ఇంకో ముక్క తీసి చుట్టుకున్నాడు.

అక్టోబర్ 20

రాసుకోకూడదనుకున్నాను.

పోయిన ఏడాది వరద. అవతలి కుప్పానికి, అదే జాలర్ల పల్లెకి, రోడ్డు తెగిపోయింది. అక్కడ నెలలు నిండిన పిల్ల. నర్సమ్మ కదా, కౌసర్ పోవాలి. హెబ్రోను చిన్న పడవలో తీసుకెళ్ళాడు. కాన్పు చేసి తిరిగొస్తుంటే ఇంజన్ ఆగిపోయింది. ప్రవాహం పడవను సముద్రంలో కలిసే నది మొగ వైపు లాక్కెళ్ళింది.

హెబ్రోను సెట్‌లో పిలుస్తూనే ఉన్నాడు. తీరం దగ్గర పడవలు చాలానే ఉన్నాయి. విని ఉంటే ఏదో ఒకటి వచ్చేది. కానీ ఛానల్ నిండా ఒకే పడవ. ఇంజన్ మోత, మధ్యమధ్య తడబాటు, రొయ్యల ధర మీద తిట్లు, ఒక నవ్వు. వెంకయ్య నవ్వు. అంగట్లో నిలబడి నేనూ విన్నాను. సెట్‌లో ఎంత అరిచినా ఆ నవ్వు ఆగలేదు.

పడవ మొగ దగ్గర అలల్లో తిరగబడింది. హెబ్రోను ఈదగలడు. కౌసర్ ఈదలేదు.

ఖబరస్తాన్ నుంచి వస్తుంటే తలరాత అన్నారు అందరూ. ఆ నవ్వు ఎవరిదో తీరం మీద తెలియనివాళ్ళు లేరు. తలరాత ట్యూబు రబ్బరుతో చేస్తారని నాకు అంతకుముందు తెలియదు.

అక్టోబర్ 24

వెంకయ్య భార్య కామాక్షమ్మ శుక్రవారం చేపలు గడప ముందు పెట్టిపోయింది. కౌసర్ ఉన్నప్పటి అలవాటు. పిల్లికి వేశాను. పిల్లి లావయింది.

నవంబర్ 6, మధ్యాహ్నం

పొద్దున్నే గాలి మారింది. పడవలు వెనక్కి రావాలని జయరామయ్య పిలవబోయాడు. ఛానల్ మూసుకుపోయి ఉంది.

ఆ ఇంజనే. అదే తడబాటు.

చెప్పినట్టే ఒక్కొక్కరూ ఎనిమిదికి మారారు. అక్కడ పిలుపు విని తిరుగుముఖం పట్టారు. వెంకయ్య పడవ ఒక్కటే రాలేదు. పిలిస్తే పలికే దారి లేదు. వాడు సెట్‌తో మాట్లాడుతూనే ఉన్నాడు మరి, వాడికే తెలియదు.

అంగట్లో రెండు సెట్లున్నాయి. ఒకటి ఎనిమిదిలో, ఇంకోటి పాత ఛానల్లో. కామాక్షమ్మ పరుగెత్తుకొచ్చింది. మొగుడు గొంతు వినగానే పాత సెట్ లాక్కుని, రాయ్యా, గాలొస్తా ఉంది, వచ్చేయ్యా అని అరిచింది. అతను కూనిరాగం తీస్తున్నాడు. వినబడదమ్మా అన్నాను. నువ్వు చెప్పన్నా, నీ మాటైతే వింటాడు అంది. పోయిన ఏడాది నేను నిలబడ్డ చోటే నిలబడి ఉంది.

ఆమె ఒడ్డుకు పరుగెత్తింది.

ఆమె వెళ్ళాక వినబడింది. పాత ఓడ మునిగిన కాడే ఇంకో వల వేద్దాంరా, గాలేం చేస్తుందిలే అంటున్నాడు తోటివాడితో. అందరూ ఎనిమిదిలో ఉన్నారు. ఆ మాట విన్నది నేనొక్కణ్ణే.

కుర్చీలో కూర్చున్నాను. టీ తెప్పించుకున్నాను. సెట్‌లో వాడు నవ్వాడు. టీ మీద మీగడ కట్టింది.

ఎవరు అడిగినా నాకు తెలియదనవచ్చు. తలరాత అనవచ్చు. ఆ మాట ఎలా పలకాలో ఈ ఊరే నేర్పింది.

గాలికి షట్టర్ కొట్టుకుంది. బయట కామాక్షమ్మ ఇంకా అరుస్తోంది, సముద్రం వైపు.

ఎనిమిదిలో ఉన్న సెట్ బటన్ నొక్కాను. పాత ఓడ దగ్గర వెంకయ్య, ఓవర్ అన్నాను. హెబ్రోను పలికాడు. నేను పోతాండానన్నా, ఓవర్. ఇంకెవరూ పలకలేదు.

నవంబర్ 6, సాయంత్రం

హెబ్రోను వాళ్ళను తెచ్చాడు. ఇద్దరూ బతికే ఉన్నారు. వెంకయ్య పడవ పోయింది. ఒడ్డున ఏడుపులూ నవ్వులూ. నేను అంగడి మూసి ఇంటికొచ్చాను. నాకు సంతోషంగా లేదు. రాసిపెడుతున్నాను.

నవంబర్ 7

వెంకయ్య వచ్చాడు. గడప ఎక్కలేదు. తల గోక్కున్నాడు. బటన్ నొక్కుకుందని తెలీలేదు సాయిబన్నా, నిజంగా తెలీలేదు అన్నాడు.

ఏ రోజు సంగతి చెబుతున్నావని అడిగాను.

గడప ఎక్కాడు. జేబులోంచి రబ్బరు తీసి గల్లాపెట్టె మీద పెట్టి వెళ్ళిపోయాడు.

నవంబర్ 14

కామాక్షమ్మ పెట్టిన చేపలు వండుకున్నాను. ఉప్పెక్కువైంది.

నవంబర్ 19, తెల్లవారుజాము

ఛానల్ ఖాళీగా ఉంది. విన్నాను. బటన్ నొక్కి, ఒక్క క్షణం ఆగి, కౌసర్ అన్నాను. వదిలాను.

ఎవరు పిలిచింది, ఓవర్ అని వేరేవాళ్ళ పడవలోంచి వెంకయ్య గొంతు.

ఎవరూ లేరు అన్నాను. ఓవర్.