కొండ అవతలి స్టేషను

సర్వీసు సెంటరు సూపర్‌వైజరు గారికి,
నమస్కారం. ఫోనులో అడగచ్చు గానీ, నోటిమాట మారిపోతుంది, కాగితం మారదు. మా కారు రేడియోకి ఆరు బటన్లు. మొదటి నాలుగింట్లో నేను పెట్టుకున్న స్టేషన్లు వస్తాయి. ఐదూ ఆరూ నేనెప్పుడూ ముట్టుకోను. సోమవారం కూరగాయలకి వెళ్తూ ఐదు మీద చేయి పడింది. తెర మీద 89.2 అని వచ్చింది, లోపల్నుంచి ఒకటే హోరు. నేను పెట్టలేదు. కారు నడిపేది నేనూ మావారూ మాత్రమే. హోరు వినడానికి ఎవరైనా బటన్ పెట్టుకుంటారా?
ఇట్లు,
ఒక కస్టమరు
తా.క.: జవాబు పక్కింటి టైలరమ్మ అడ్రసుకి పంపండి. ఆవిడ చదవదు. చదివినా నాకు తప్ప ఎవరికీ చెప్పదు.

అమ్మా,
నమస్కారం. రేడియోలో లోపం లేదు. 89.2 కొండ అవతలి ఊళ్ళో ఉన్న చిన్న స్టేషను. ఎఫ్.ఎం. తరంగాలు తిన్నగా పోతాయి, కొండ అడ్డొస్తే ఆగిపోతాయి. అందుకే ఇక్కడ హోరు. స్టేషను వస్తున్నప్పుడు బటన్ని మూడు సెకన్లు నొక్కి పట్టుకుంటే అందులో చేరుతుంది. అంటే మీ కారు కొండ దాటింది, అక్కడెవరో తీరిగ్గా పాటలు విన్నారు. మీవారిని అడగండి, తేలిపోతుంది, హహ్హా!
విధేయుడు,
సూపర్‌వైజరు
తా.క.: ఫైల్లో పెట్టాలి, కారు నంబరు రాయండి.

సూపర్‌వైజరు గారికి,
నమస్కారం. అడిగాను. "కొండ అవతలికి ఎప్పుడైనా వెళ్ళారా?" అంటే కంచంలోకి చూస్తూ "ఏ కొండ?" అన్నారు. మా కిటికీలోంచి కనబడేది ఒక్కటే కొండ. పెళ్ళయిన పాతికేళ్ళ నుంచీ అక్కడే ఉంది. అవతల ఎవరున్నారో నాకు తెలియాలి.
ఇట్లు,
అదే కస్టమరు
తా.క.: నంబరు 4418. ఆకుపచ్చ కారు.

మేడమ్ గారికి,
అనేక నమస్కారాలు. పోయిన ఉత్తరంలో తొందరపడ్డాను. రేడియో చాలా చిత్రమైన వస్తువండీ. మబ్బు పడితే తరంగాలు దానికి తగిలి కొండ దాటేస్తాయి. ఏరియల్ తడిసినా అంతే. ఒక్కోసారి కారే తనకి నచ్చిన స్టేషను దాచుకుంటుంది. మీవారు దేవుడిలాంటి మనిషి.
పరమ విధేయుడు,
సూపర్‌వైజరు
తా.క.: ఆయన్ని నేను చూడలేదు, అయినా అంటున్నాను. నా మొదటి ఉత్తరం చించెయ్యండి.

సూపర్‌వైజరు గారికి,
మొదటి ఉత్తరం చించలేదు, మందుల డబ్బాలో దాచాను. రెండోదాన్ని పరీక్షించాను. మంగళవారం మబ్బు పట్టింది, అరగంట కారులో కూర్చున్నాను: హోరు. బుధవారం ఏరియల్ మీద బిందెడు నీళ్ళు పోశాను: హోరు, పైగా ఎదురింటాయన "కారు కడగడానికి మనిషిని పెట్టుకోండమ్మా" అని సలహా. మీరు మావారిని వెనకేసుకొస్తున్నారు. ఆయన మీకు ఫోను చేశారా? పెట్టె సర్దేశాను. ఆదివారం మా అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నాను.
ఇట్లు,
4418
తా.క.: శనివారం మీ యజమానిని కలిసి, మీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి ఏది నిజమో అడుగుతాను.

అమ్మగారికి,
మీ కాళ్ళమీద పడ్డాననుకోండి. పెట్టె విప్పెయ్యండి. ఆ బటన్ పెట్టింది నేనే. కారు సర్వీసింగుకి వచ్చినప్పుడు, కొండ అవతల నేను చేసుకోవాలనుకుంటున్న అమ్మాయి వాళ్ళింటికి అందులో వెళ్ళాను. వాళ్ళ నాన్న ఎక్కి కూర్చుని "మా ఊరి స్టేషను వస్తుందా బాబూ?" అన్నారు. మర్యాద కోసం ఐదులో పెట్టాను. కారు నాదే అనుకున్నారు. కాదనలేకపోయాను. ఇది మా యజమానికి తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. దాస్తే మీ కాపురం పోతుంది. అంత పాపం నావల్ల కాదు.
క్షమాపణలతో,
సూపర్‌వైజరు
తా.క.: వెనక సీట్లో ఉన్న అల్లిక సంచి ఎవరిదని అమ్మాయి అడిగితే మా అమ్మదన్నాను. దానికీ క్షమించండి.

బాబూ,
ఆశీస్సులు. పెట్టె విప్పాను. మీ యజమాని జోలికి వెళ్ళలేదు. నీ ఉత్తరం మావారి చేతిలో పెట్టి, "అనవసరంగా అనుమానించాను, మనసులో పెట్టుకోకండి" అన్నాను. సంతోషిస్తారనుకుంటే కుర్చీలో కూలబడ్డారు.
"కారులోనైతే వెళ్ళలేదు" అన్నారు.
"మరి?"
"బస్సులో. మన ఆకుపచ్చ కారు అందరూ గుర్తుపడతారని."
"ఎవరి దగ్గరికండీ?"
ఎవరి దగ్గరికీ కాదు, ఆ 89.2 స్టేషనుకే! ఏడు నెలలుగా ప్రతి శుక్రవారం సాయంత్రం ఆరింటికి అక్కడ పాటలు పాడుతున్నారట. ఇంట్లో ఆయన గొంతు సవరించుకుంటేనే నేను వంటింటి తలుపు వేసేసేదాన్ని. "ఇవతల ఇన్ని స్టేషన్లుండగా అదే ఎందుకు?" అన్నాను. "నీకు వినబడదని రూఢి చేసుకున్నాకే చేరాను" అన్నారు.
ఆ మాటకి కోపం రాలేదు. ఎందుకు రాలేదో చూసుకోవాలి. శుక్రవారం నేనొక్కదాన్నే కారు కొండెక్కిస్తాను. ఏ మలుపు దగ్గర ఆపితే స్టేషను హోరు లేకుండా అందుతుందో గుర్తులతో సహా రాయి. ఆయనకి చెప్పకు.
ఇట్లు,
అమ్మలాంటిది
తా.క.: కారు నీది కాదని ఆ పెద్దమనిషికి చెప్పావా? శుక్రవారంలోగా చెప్పు. లేకపోతే, ఎలాగూ కొండ మీదికి వస్తున్నాను, పాట అయ్యాక అవతలికి దిగి నేనే చెప్పొస్తాను.