రెండో అద్దం పట్టిందెవరు

రంగూను, లమ్మడా
1926

చి.ల.సౌ. దుర్గాంబకు నీలకంఠం ఆశీర్వదించి రాసేది. ఇక్కడ క్షేమం. నాటకాల తెరలు రాసే పని జోరుగా ఉంది. నువ్వు నన్ను చూసి మూడేళ్ళయింది కదా, నా బొమ్మ నేనే రాసి పంపుతున్నాను. గోడకు తగిలించుకో.
నీ భర్త, నీలకంఠం
తా.క. ముక్కు కొంచెం దిద్దాను. అమ్మతో అనకు.

భీమిలి

శ్రీవారి పాదాలకు దుర్గాంబ మొక్కులు. బొమ్మ బాగుంది. కానీ మొహం పక్కకు తిరిగి ఉంది. నేనూ అద్దం ముందు నిలబడి పక్కకు తిరిగాను. నా చెంప నాకే కనబడలేదు. మరి మీ చెంప మీకెలా కనబడింది? పక్కన కూర్చుని రాసిందెవరు?
మీ దుర్గాంబ
తా.క. "ఏటే, మావోడు ఎవుల్ని సూస్తన్నాడు?" అని అత్తగారూ అడిగారు. ముక్కును ఆవిడ గుర్తుపట్టలేదు.

లమ్మడా

దుర్గాంబకు దీవెనలు. రాసింది నేనే. రెండు అద్దాలు ఏటవాలుగా పెడితే పక్కమొహం కనబడుతుంది. అందులో హుందాతనం ఉంది. రూపాయి మీద రాజుగారూ అలాగే ఉంటారు.
నీలకంఠం
తా.క. అనుమానం మాను.

భీమిలి

శ్రీవారికి. రాజుగారిని రాణిగారు అడగలేదు కాబోలు, నేను అడుగుతున్నాను. ఒక అద్దం గోడకుంది. మీ ఒక చేతిలో కుంచె, ఇంకో చేతిలో రంగుల పలక. రెండో అద్దం ఎవరు పట్టుకున్నారు?
దుర్గాంబ
తా.క. మేకుకు తగిలించానని రాయకండి. మేకు కొట్టడం మీకు రాదు.

లమ్మడా

దుర్గాంబకు. పక్క కొట్టు మా చో పట్టుకుంది. పొరుగు సాయం, అంతే.
నీలకంఠం

భీమిలి

అయ్యా, ఆ చో "మా" చో ఎప్పటినుంచి అయింది?
దుర్గాంబ

లమ్మడా

దుర్గాంబా, ఆ "మా" మన మా కాదు. బర్మావాళ్ళు పడుచు ఆడవాళ్ళను గౌరవంగా అలా పిలుస్తారు.
నీలకంఠం
తా.క. పడుచు అన్న మాట కొట్టేద్దామనుకున్నాను, సిరా అయిపోయింది.

రంగూను, తామ్వే

ఊరవతల మింగళాడోన్‌లో తెర రాస్తున్న శ్రీవారికి దుర్గాంబ రాసేది. నిన్న స్టీమరు దిగి నేరుగా మీ కొట్టుకు వచ్చాను. మీరు లేరు, మా చో ఉంది. కొంగు బిగించాను. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "నీలకంటం పెళ్ళానివా? ఆయన కుడిసెంప కాలిపోనాది. నీకు సూపడానికి బయం," అంది. మన రేవు కూలీల దగ్గర నేర్చిన తెలుగు. రంగుల్లో కలపడానికి కాచే నూనె చిందిందట. నెల్లాళ్ళు మందు రాసింది ఈవిడేనట. ఆ తర్వాత దెబ్బలాడలేకపోయాను, అక్కడే కూలబడి ఏడ్చాను. తన ఇంటికి తీసుకొచ్చి అన్నం పెట్టింది.
నేను కట్టుకున్నది సగం మొహాన్ని కాదు. ఎదురుగా చూస్తున్న బొమ్మ రాసుకుని రండి, మచ్చతో సహా. అది చూసేదాకా ఈ ఇల్లు కదలను. భీమిలికి తిరిగి వెళ్ళేది లేదు, ఇకమీదట మీరున్నచోటే.
మీ దుర్గాంబ
తా.క. గోంగూర పచ్చడి తెచ్చాను. ఓడలో సగం ఒలికింది. మిగతా సగం మీరొచ్చేదాకా ఉంటుందని మాట ఇవ్వలేను, ఈవిడకు బాగా నచ్చింది.