అరవైలో ఒక వంతు

విజయవాడ,
12-8-2006, శనివారం.

ప్రభువునందు ప్రియమైన డయానా అక్కకు,

పాపులలో ప్రధానుడైన నీ తమ్ముడు నతానియేలు వందనాలతో రాస్తున్నది. దేవుని కృప వల్ల ఇక్కడ అందరం కులాసా. పూనాలో నువ్వూ, బావగారూ కులాసా అని తలుస్తాను. ఈ ‘అందరం’లో నాన్న దగ్గర మాత్రం కొంచెం సందేహం ఉంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

ముందు క్షమాపణలు. బావగారి కోసం అమ్మ కట్టిపెట్టిన మాగాయ జాడీని సగానికి దించినవాణ్ణి నేనే. అటక మీద నీ నర్సింగు పుస్తకాలను ఎలకలు శ్రద్ధగా చదువుతుంటే చూస్తూ ఊరుకున్నవాణ్ణీ నేనే. ఈ ఏడు ఫస్టుక్లాసులో పాసవుతాయి. రెండు నెలలుగా నీకు ఒక్క ముక్క రాయలేదు. ఈ ఘోరాలన్నిటికీ గోనెపట్ట కట్టుకుని బూడిదలో కూర్చుని రాద్దామనుకున్నాను గానీ, గోనెపట్ట మీద అమ్మ వడియాలు ఎండబెట్టింది. అందుకని లుంగీతోనే కానిస్తున్నాను.

ఇక నీ ప్రశ్నలు. అమ్మ మోకాళ్ళు ఎప్పటిలాగే ఉన్నాయి. నువ్వు పంపిన మందు రాస్తోంది, రాసినంతసేపూ నిన్ను పొగుడుతోంది.

“పెళ్ళి ఫోటోలు చెడిపోయాయని ఫోనులో అన్నావు, షట్టరు స్పీడంటే ఏంట్రా?” అన్నావు. కెమెరా కన్ను తెరిచి మూసేంతసేపు. అంతే. ఒక సెకనును అరవై ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క సేపు తెరవడం, పెళ్ళి ఫోటోలు తీసేటప్పుడు నాన్న పద్ధతి. ఫ్లాషు వెలుగుతుంది, మనిషి కదిలేలోపు కన్ను మూసుకుంటుంది, బొమ్మ నిలుస్తుంది. అదే ఎనిమిది ముక్కలే చేశామనుకో, ఒక్కో ముక్క పెద్దదైపోతుంది. ఆ సందులో పెళ్ళికొడుకు తల తిప్పుకుంటాడు, పాస్టరయ్యగారు చెయ్యెత్తి దీవిస్తారు, అదంతా కెమెరా ఒకే బొమ్మలో మింగేస్తుంది.

ఇబ్రహీంపట్నంలో రత్తయ్య గారమ్మాయి పెళ్ళిలో జరిగింది అదే. ఆయన ఆల్బం తిరగేసి, మర్యాదకేం లోటు చెయ్యకుండా అడిగారు.

“ఇశ్రాయేలు గారూ, సంబంధం ఖాయం చేసుకున్నప్పుడు మా అల్లుడికి ముక్కు ఒకటేనండీ. రెండోది మీరు పెట్టించారా?”

నేను నవ్వేశాను. నాన్న నవ్వలేదు. తన కుడిచేతిని కళ్ళ ముందు పెట్టుకుని, ఎవరిదో చెయ్యి చూసినట్టు చూసుకున్నారు.

“చెయ్యి వణికిందండీ. వయసు కదా” అన్నారు.

మూడో ప్రశ్న, డాక్టరు ఏమన్నాడని. నరాల డాక్టరు సుత్తితో మోకాలు కొట్టి, కళ్ళు మూసి ముక్కు పట్టుకోమని, “ప్రస్తుతానికి ఏమీ కనబడటం లేదండీ, నెల తర్వాత రండి” అన్నాడు. ‘ప్రస్తుతానికి’ అన్న మాట పట్టుకుని ఇంటికొచ్చారు నాన్న. కెమెరాని బీరువాలో పెట్టి తాళం వేశారు. గన్నవరం పెళ్ళి వేరేవాళ్ళకి చెప్పుకోమన్నారు. పొద్దున్నే అరుగు మీద కూర్చుని, స్టీలు గ్లాసు అంచుదాకా నీళ్ళు పోసి, చెయ్యి చాపి పట్టుకుంటారు. తొణుకుతుందా లేదా అని చూస్తారు. మొదటి వారం తొణకలేదు. అంతలా చూస్తూంటే ఎవరి చెయ్యి ఆగుతుందక్కా? ఇప్పుడు తొణుకుతోంది.

“ఏవండీ, ఆ నీళ్ళు తాగండి, పారబోయకండి” అంటుంది అమ్మ, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ.

ఆఖరి ప్రశ్న రాసేటప్పుడు నీ పెన్ను గట్టిగా నొక్కావు, కాగితం వెనక్కి దిగింది. “డిజిటల్ ఫోటోలో అన్ని వివరాలూ ఉంటాయని నాన్న చేత ఆ కెమెరా కొనిపించావుగా, కంప్యూటర్లో చూశావా?”

ఉంటాయి. ఒక్కో ఫోటో తన బాప్తిస్మ పత్రం వెంటపెట్టుకునే పుడుతుంది. తీసిన తారీకు, గంట, స్పీడు, ఫ్లాషు వెలిగిందా లేదా, అన్నీ. రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్‌లోకి వెళితే సాక్ష్యం చెబుతుంది. చూశాను. రెండొందల పద్నాలుగు ఫోటోలు, అన్నిట్లోనూ ఎనిమిదిలో ఒక వంతు.

నాన్న పద్ధతి నీకు తెలుసు. పెళ్ళికి ముందురోజు స్పీడు అరవైలో పెట్టి, చక్రం కదలకుండా నల్లటేపు ముక్క అతికించి, కెమెరా మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేస్తారు. ఆ తర్వాత ఎవరూ ముట్టకూడదు, ఆయన కూడా చక్రం తాకరు. ఆ రోజు ఆయన ప్రార్థన ముగించి స్నానానికి వెళ్ళగానే నేను కెమెరా తీసుకుని బ్యారేజీ మీదకి పోయాను. సందెవేళ ఆటోల లైట్లు ఎర్రచారల్లా పడతాయని ఎవరో చెప్పారు. టేపు పీకాను, చక్రం తిప్పాను. చారలు భలే వచ్చాయి. టేపు మళ్ళీ అతికించాను, ఎంత శ్రద్ధగా అంటే నాన్నకే అనుమానం రానంతగా. చక్రం వెనక్కి తిప్పడం మరిచాను.

మరుపుకి క్షమాపణ ఉందిలే. రేపు ఆరాధన అయ్యాక నాన్నకి చెబుతాను. చెబుతానని నా మీద నాకే నమ్మకం లేక, ఈ ఉత్తరం ముందే డబ్బాలో వేస్తున్నాను. అది నీకు చేరేలోపు నేను నోరు విప్పకపోతే నువ్వు ఫోను చేసి చెప్పు.

నేను నిజంగా చేసింది వేరే, అక్కా. పెళ్ళి మర్నాడు కంప్యూటర్లో ఫోటోలు తెరిచాను. నాన్న నా కుర్చీ వెనక నిలబడ్డారు. ఆ పత్రం తెర మీద నా ఎదురుగానే ఉంది. ఆయనకి కళ్ళజోడు లేదు.

“స్పీడెంతుందిరా నానీ?” అన్నారు.

“అరవై, నాన్నా” అన్నాను.

ఇట్లు,
ఆ అంకె చెప్పిన నీ తమ్ముడు,
నతానియేలు.