ఉప్మా గిన్నె తోసిన రోజు

ఫిబ్రవరి 2, 2026. మొయినాబాద్

చేవెళ్ల దగ్గరి మా ఊరి బడి నుంచి హెడ్‌మిస్ట్రెస్ స్వప్నిక ఫోన్ చేశారు. బడి వార్షికోత్సవం ఫంక్షన్‌కు వేసే సావనీర్‌కు ఆర్టికల్ కావాలట. ఎవరి జోలికీ పోని అమెరికా ప్రపంచశక్తి ఎట్లా అయిందో టెన్త్ పిల్లలకు అర్థమయ్యేలా రాయాలి. నలభై ఏళ్లు రిపోర్టర్‌గా చేసిండ్రు, మీకిదెంత పని సార్ అన్నారు. ఒప్పుకున్నాను.

ఫిబ్రవరి 4

ఆర్టికల్ పంపించాను. మా సోషల్ టీచర్ కృష్ణయ్య సారు పాఠం చెప్పిన తీరులోనే రాశాను. అమెరికా అంటే తన దుకాణం తాను చూసుకునే షావుకారు అనేవారు. వాడలో ఎవలు కొట్లాడుకున్నా తలుపులు పెట్టుకొని కూసునేటోడు. 1917లో ఒకసారి బయటికొచ్చిండు, మళ్ల లోపటికి పోయిండు. నానాజాతి సమితిల చేరుమంటే చేరలే. 1941లో తన మీదనే బాంబులు పడ్డంక బయటికొచ్చినోడు, ఇంకా ఇంటికి పోలేదురా అని నవ్వేవారు. సుద్దముక్క పొడి ఆయన మీసాల మీద ఉండేది.

చివర మా కథ. 1971లో నేను ఆరో తరగతి. మధ్యాహ్నం బడిలో అమెరికా మక్కరవ్వ ఉప్మా పెట్టేవారు. నూనె డబ్బా మీద కలిపిన రెండు చేతుల బొమ్మ. ఆ ఉప్మా వాసన ఇంకే వంటలోనూ మళ్లీ రాలేదు. డిసెంబరు యుద్ధంలో అదే అమెరికా ఓడలు బంగాళాఖాతానికి వస్తున్నాయని పేపర్లో పడింది. నేనూ, నా క్లాసు దోస్తు బాలప్పా ఒకే సైకిల్ మీద గండిపేట చెరువుకు పోయి, ఓడ వచ్చిందేమో చూసొచ్చాం. మాకు తెలిసిన పెద్ద నీళ్లు అవే. మర్నాడు ఎవరూ చూడకుండా నేను బడి మొత్తానికి వండిన ఉప్మా గిన్నెను మోరీలోకి తోసేశాను. దేశభక్తి.

ప్రెస్‌క్లబ్‌లో ఎన్నిసార్లు చెప్పినా నవ్వే కథ ఇది.

ఫిబ్రవరి 9

ఫొటోల కోసం బడిలో పాత రికార్డులు తీశారు. లాగ్‌బుక్ నేనూ తిరగేశాను. 16-12-1971: వంటమనిషి అంతమ్మ అజాగ్రత్త వల్ల ఉప్మా నేలపాలైనది. పని నుండి తొలగించడమైనది.

ఆమె తానే మానేసిందనుకున్నాను. అప్పుడు ఎవరినీ అడగలేదు. తర్వాతా అడగలేదు.

ఫిబ్రవరి 10

గిప్పుడెందుకు తవ్వుతున్నవ్ రా అన్న బాలప్పే సాయంత్రానికి కనుక్కొని చెప్పాడు: అంతమ్మ ఇంకా ఉన్నదట, మొయినాబాద్ పక్క హిమాయత్‌నగర్‌లో, మనవరాలి దగ్గర.

ఫిబ్రవరి 12

షేర్ ఆటోలో వెళ్లాను. ఏ ఆఫీసు నుంచి వచ్చిండ్రు అని మనవరాలు మమత గేటు దగ్గరే అడిగింది. అంతమ్మకు ఎనభై ఎనిమిది. చెవులు సరిగా వినిపించవు. ఆ గిన్నె తోసింది నేనే అవ్వా అని గట్టిగా చెప్పాల్సి వచ్చింది. పక్కింటివాళ్లు కూడా విన్నారు.

దగ్గరికి జరిగి చూసి, నువ్వా అన్నది. అమ్ముకొని ఒలికిందని చెప్తున్నదని ఊరంత అన్నరు, నా పెనిమిటి సుత నమ్మిండు, సచ్చేదాక నమ్మిండు అన్నది. ఎందుకు తోసినవని అడిగింది. ఓడల సంగతి చెప్పాను. మరి వచ్చిందా ఓడ అన్నది. మన దాకా రాలేదన్నాను. మమత నవ్వు ఆపుకోలేకపోయింది. అంతమ్మ నవ్వలేదు. రాని ఓడకు నా నోటికాడి కూడు తీస్తివి గదరా అన్నది.

క్షమించమన్నాను. నేను అమ్ముకోలేదని నాకెర్కనే, నాకెందుకు చెప్తున్నవ్, ఊరికి చెప్పు అన్నది.

ఫిబ్రవరి 13

చేవెళ్ల ప్రెస్‌లో నా ఆర్టికల్ అప్పటికే అచ్చయిపోయింది. ఆఖరు పేజీల విత్తనాల షాపు యాడ్ కింద నాలుగు లైన్ల జాగ ఉన్నదన్నా అన్నాడు ప్రెస్ జగదీశ్. స్వప్నికకు ఫోన్ చేశాను. ఫంక్షన్ ముందు ఇదంతా అవసరమా సార్ అన్నారు. అంతమ్మ అన్న మాట చెప్పాను. అయితే వేయించండి అన్నారు. అక్కడే నిలబడి రాశాను.

సవరణ: 1971 డిసెంబరులో మన బడిలో ఉప్మా ఒలికింది అంతమ్మ అజాగ్రత్త వల్ల కాదు. ఆమె దాన్ని అమ్ముకోలేదు. గిన్నె తోసింది నేను. - వేణుమాధవ్.

ఫిబ్రవరి 21

మమత ఫోన్. నేను పంపిన సావనీర్ అందిందట. అంతమ్మకు చదువు రాదు. సవరణ చదివి వినిపించి, ఆమె పేరున్న చోట వేలు పెట్టించిందట. పేజీలన్నీ తిప్పి చూపించమన్నదట అవ్వ. అమెరికాకు రెండు పేజీలు, నాకు గింతేనా అన్నదట.