గురకకి ఊగే ఉయ్యాల

ఉయ్యాలల కంపెనీలో ఫిర్యాదులు చూసే అయ్యగారికి,

బిడ్డ ఏడిస్తే తనంతట తానే ఊగుతుందని పెట్టె మీద రాశారు. మా మనవడు ఏడ్చి ఏడ్చి ఎర్రబడినా అది కదలదు. మధ్యాహ్నం నేను నడుం వాల్చి, కాస్త కునుకు తీసి లేచేసరికి మాత్రం జోరుగా ఊగుతుంటుంది, వాడు హాయిగా నిద్రపోతుంటాడు. పక్క మంచం మీద మా ఆయన. ఆయన గురకకే ఊగుతోందని వేరే చెప్పాలా? సోమవారం నుంచి మా అమ్మాయి డ్యూటీకి వెళ్తుంది. ఇక వాడి ఏడుపూ నేనూ మిగులుతాం. వెంటనే బాగుచేయించండి.

ఇట్లు,
రెండు చేతులూ పడిపోయేలా ఊపుతున్న అమ్మమ్మ

తా.క.: ఆయన్ని అడిగితే, "నేను పడుకోలేదు, పేపరు చదువుతున్నాను" అంటారు. గురక పెట్టేవాళ్లు ఎవరు ఒప్పుకుంటారు?

---

గౌరవనీయులైన కస్టమర్ గారికి,

మీ వారిని ఉయ్యాలలో పడుకోబెడుతున్నారని తెలిసి చింతిస్తున్నాం. అది తొమ్మిది కిలోల లోపు పసిపిల్లలకు మాత్రమే. దయచేసి ఆయనను జాగ్రత్తగా బయటికి తీసి, బరువు తూచి తెలియజేయగలరు.

మీ చిరునవ్వు కోసమే పనిచేసే,
ఫిర్యాదుల గుమాస్తా

తా.క.: ఆయన కాళ్లు తగిలి దోమతెర చిరిగితే గ్యారంటీ వర్తించదు.

---

ఫిర్యాదుల గుమాస్తాకి,

చదవడం వచ్చినవాళ్లను అక్కడ కూర్చోబెట్టరా నాయనా? ఉయ్యాలలో ఉన్నది మనవడు. మంచం మీద ఉన్నది మా ఆయన. మీ జవాబు వచ్చేలోగా ఆయన మంచం హాల్లో వేయించాను. అయినా నేను కునుకు తీసి లేచేసరికి ఉయ్యాల ఊగుతూనే ఉంది. నిన్న మేడమెట్ల మీదికి పంపి తలుపేశాను. అక్కణ్ణుంచి కూడా ఊపేశారు. ఏం గురకో, గోడలు కూడా ఆపలేకపోతున్నాయి.

ఇట్లు,
ఓపిక అయిపోయిన అమ్మమ్మ

తా.క.: రేపు ఆయన్ని తమ్ముడింటికి పంపుతున్నాను. రెండు వీధుల అవతల. అక్కణ్ణుంచి ఎలా ఊపుతారో చూస్తాను.

---

గౌరవనీయులైన కస్టమర్ గారికి,

మంచం గురించిన మీ ఫిర్యాదు అందింది. మంచాలు మేం తయారుచేయం. ఉయ్యాలను మేడమెట్ల మీద పెట్టడం మాత్రం ప్రమాదకరం. మెకానిక్‌ను పంపుతున్నాం.

మీ చిరునవ్వు కోసం ఇంకా ఎదురుచూస్తున్న,
ఫిర్యాదుల గుమాస్తా

తా.క.: మీ వారి బరువు ఇంకా మాకు చేరలేదు.

---

గుమాస్తాగారికి,

మీ మెకానిక్ వచ్చాడు. "రోజూలాగే పడుకోండమ్మా, నేను చూస్తాను" అన్నాడు. పడుకున్నాను. లేచేసరికి ఉయ్యాల ఊగుతోంది. మా ఆయన తమ్ముడింట్లోనే ఉన్నారు. మెకానిక్ ఫోనులో రికార్డు చేసింది వినిపించాడు. రంపంతో దుంగ కోస్తున్నట్టుంది.

"ఎవరిది బాబూ ఇది?" అన్నాను.

అతను చాలాసేపు స్క్రూలు ఏరుకున్నాడు. "గదిలో మీరూ పిల్లాడే ఉన్నారమ్మా" అన్నాడు చివరికి.

మా ఆయన్ని పిలిపించి అడిగాను. ముప్పై నాలుగేళ్లుగా తెలుసన్నారు.

"మరి మెట్ల మీదికి తోలినప్పుడైనా చెప్పొచ్చుగా?"

"చెప్దామనే అనుకున్నాను. కానీ పెళ్లయ్యాక అంత బాగా నిద్రపట్టింది అక్కడే."

ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను.

ఇట్లు,
అమ్మమ్మ

తా.క.: ఉయ్యాల మీద మళ్లీ చెయ్యి వేయకండి. నేను నిద్రపోతేనే మనవడు నిద్రపోతున్నాడు. ఈ ఇంట్లో నిద్రలో కూడా పనిచేసేది నేనొక్కదాన్నే.